ఇంట్లో గబ్బిలాలు చేరితే ఏ దారి మంచిది? ఏది డబ్బు దండగ?

జూన్ నెలలో మా పోర్టికో చూస్తే ఎవరో తాంబూలం నమిలి గోడ నిండా ఊసినట్టు ఉండేది. తెల్ల గోడ మీద ఊదారంగు చారలు, కింద బండల మీద నేరేడు గింజలు, రసం పీల్చి ఉమ్మేసిన పిప్పి ఉండలు, ఓ పక్కన సగం కొరికిన జామకాయ. మొదట పైవాటాలో ఉండే కాలేజీ కుర్రాళ్ల పనే అనుకున్నాం. రెండు రోజులు వాళ్లతో ముభావంగా కూడా ఉన్నాం. ఒక రాత్రి కరెంటు పోయింది. ఫోన్ టార్చి వేసుకుని గేటుకు తాళం వేయడానికి వెళ్తే అసలు దొంగ దొరికాడు. పోర్టికో మధ్యలో ఎప్పుడో ఫ్యాను కోసం వదిలిన కొక్కేనికి తలకిందులుగా వేలాడుతూ, రెక్కలు దగ్గరికి ముడుచుకుని, వాటి మధ్య బాదంకాయ పెట్టుకుని తీరిగ్గా తింటోంది గబ్బిలం. వెలుగు పడగానే కళ్లు నిప్పు కణికల్లా మెరిశాయి. మరుక్షణం అక్కడ లేదు. కాయ మాత్రం నా చెప్పు మీద పడింది.

ఆ తర్వాత ఊళ్లో మా మేనమామ గారి పెంకుటింట్లో ఒకసారి, మా బావమరిది కిరాణా కొట్టు షట్టరులో ఒకసారి వీటితో వేగాల్సి వచ్చింది. ఒక చోట పనిచేసిన ఉపాయం ఇంకో చోట బెడిసికొట్టింది. అందుకే ఎవరైనా "గబ్బిలాలు పోవాలంటే ఏం చేయాలి?" అని అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. అవి మీ ఇంటికి తినడానికి వస్తున్నాయా, పడుకోడానికి వస్తున్నాయా?

తిండికా, నిద్రకా?

మన పోర్టికోల్లో, బాల్కనీల్లో రాత్రిపూట గలీజు చేసేది ఎక్కువగా పొట్టిముక్కు పండ్ల గబ్బిలం. గుప్పెట్లో పట్టేంత ఉంటుంది, బరువు 40, 50 గ్రాములు. దీనికో అలవాటు ఉంది. కాసిన చెట్టు మీదే కూర్చుని తినదు. పండు తెంపుకుని, దగ్గర్లో పట్టు దొరికే చీకటి చోటికి వచ్చి వేలాడుతూ తింటుంది. రసం మింగి పిప్పి ఉమ్మేసి మళ్లీ ఇంకో పండుకి వెళ్తుంది. పగలు మీ ఇంట్లో ఉండదు. తాటాకుల మధ్యో, కాంపౌండు గోడల వెంట నిటారుగా పెంచే అశోక చెట్లలోనో పడుకుంటుంది. మగది ఆకుల ఈనెలు కొరికి డేరాలా వంచుకుంటుంది కూడా. అంటే మీ పోర్టికో దానికి ఇల్లు కాదు, భోజనాల బల్ల.

రెండో రకం పురుగులు తినేవి. వీటిలో ఇళ్లలో ఎక్కువగా కనిపించేది పిపిస్ట్రెల్ అనే బుల్లి గబ్బిలం. బొటనవేలంత ఒళ్లు, నాలుగైదు గ్రాముల బరువు. పెంకుల కింద, గోడ పగుళ్లలో, ఏసీ పెట్టె వెనక, షట్టరు చుట్టుకునే డబ్బాలో, షాపు బోర్డు వెనక పగలంతా పడుకుని, పొద్దు గుంకగానే ఒక్కొక్కటిగా బయటికి వస్తుంది. చిటికెనవేలు దూరే సందు ఉంటే చాలు, లోపలికి పోతుంది.

ఏదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. పండు పిప్పి, గింజలు, గోడ మీద చిమ్మిన మరకలు ఉండి, పగలు చూస్తే ఏమీ లేకపోతే మొదటి రకం. సందు కింద బియ్యపు గింజంత నల్లటి రెట్టలు పడుతుంటే, ఎలుకవా గబ్బిలానివా అని అనుమానం వస్తే, ఒకటి కాగితంలో పెట్టి పైనుంచి నలపండి. ఎలుకదైతే గట్టిగా ఉంటుంది. గబ్బిలానిదైతే పొడిపొడి అయిపోతుంది, ఆ పొడిలో పురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమంటాయి. సందు అంచున నూనె చెయ్యి రాసినట్టు గోధుమరంగు మరక కూడా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి లోపల కీచుకీచుమని గొణుగుళ్లు వినిపిస్తాయి.

ఇక ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. సూర్యాస్తమయానికి పావుగంట ముందు ఇంటి ముందు కుర్చీ వేసుకుని, చూరు మీదే కన్నేసి, చీకటి పడేదాకా కూర్చోండి. ఇంటికి రెండు వైపులా సందులుంటే ఇద్దరు కూర్చోండి. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఎన్ని వస్తున్నాయో లెక్క రాసుకోండి. మా మేనమామ గారింట్లో "వేలల్లో ఉన్నాయిరా అల్లుడూ" అన్నారు. కూర్చుని లెక్కపెడితే ముప్పై ఏడు. అన్నీ ఒకే మూల నుంచి.

చట్టం ఏమంటోంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినప్పటి నుంచీ పండ్ల గబ్బిలాలు కాకులు, ఎలుకలతో పాటు ఐదో షెడ్యూల్లో, 'వర్మిన్' (హాని చేసే జీవులు) అనే జాబితాలో ఉండేవి. చంపినా అడిగేవాళ్లు లేరు. ఆ భరోసాతోనే ఇప్పటికీ కొందరు "గబ్బిలానికి కేసేంటి" అంటుంటారు. ఆ మాట పాతది. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది, ఆ షెడ్యూలే ఇప్పుడు లేదు. చెట్ల మీద గుంపులుగా వేలాడే పెద్ద గబ్బిలం ఇప్పుడు రెండో షెడ్యూల్లో రక్షణ ఉన్న జంతువు. పైగా ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, వల వేసి పట్టడం, ఉచ్చు పెట్టడం కూడా వేటే.

ఏ షెడ్యూల్లో ఉన్నా లేకపోయినా, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అన్నిటికీ వర్తిస్తుంది. మనిషి తప్ప ప్రతి ప్రాణీ ఆ చట్టం లెక్కలో జంతువే. మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలే కాబట్టి నవ్వొస్తుంది, కానీ నేరం నేరమే. ఏ రకమో పోల్చుకోవడం మనలాంటి వాళ్లకి కష్టం కాబట్టి నేను పెట్టుకున్న గీత ఇది: చంపొద్దు, పట్టొద్దు, లోపలుండగా మూసేయొద్దు. వాటంతట అవి బయటికి పోయాక ఇంటి సందు పూడ్చుకోవచ్చు. వందల్లో ఉంటే, లేదా చెట్టు మీది గుంపు అయితే, చెయ్యి పెట్టకముందే అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో చెప్పి, ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

తినడానికి వచ్చే వాటికి

నేను ముందు కొన్నది గోడకి ప్లగ్ చేసే అల్ట్రాసోనిక్ పరికరం, మన చెవికి వినిపించని ధ్వనితో తరుముతుందట. పన్నెండు వందలు. పచ్చ లైటు మిణుకు మిణుకుమంటూ చాలా నమ్మకంగా కనిపించింది. మూడో రాత్రి సరిగ్గా దాని పైనే వేలాడి జామకాయ తింది. తర్వాత చదివితే కారణం తెలిసింది. ఈ పండ్ల గబ్బిలం పురుగులు తినే వాటిలాగా ధ్వనితో దారి వెతుక్కోదు. కళ్లతో, వాసనతో వస్తుంది. పోనీ పురుగులు తినే వాటి మీదైనా పనిచేస్తాయా అంటే, అలాంటి నమ్మకమైన రుజువేదీ నా కంటపడలేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే ఇలాంటి పరికరాలు తయారుచేసే, అమ్మే అరవైకి పైగా కంపెనీలకి, చేసుకుంటున్న ప్రచారానికి ఆధారాలుండాలని హెచ్చరిక లేఖలు పంపింది. ఆ పరికరాలే రంగు మార్చుకుని ఇప్పుడు మన ఆన్‌లైన్ దుకాణాల్లో తిరుగుతున్నాయి. కొనకండి.

లైటు పనిచేస్తుంది, సగం. కళ్లతో బతికే జీవి కాబట్టి వెలుతుర్లో వేలాడి తినడానికి జంకుతుంది. కొక్కెం కిందే తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టి రాత్రంతా వదిలేశాను. పది గంటల లెక్కన నెలకి మూడు యూనిట్లు కూడా కాలేదు. వారం రోజులు గోడ శుభ్రంగా ఉంది. ఎనిమిదో రోజు నుంచి అదే పోర్టికోలో లైటు నీడ పడే మూలకి మారింది. అక్కడ కరెంటు వైరు ఒకటి వదులుగా వేలాడుతోంది. పైగా బల్బుకి పురుగులు, పురుగులకి బల్లులు.

అప్పుడు బుర్ర వెలిగింది. దానికి కావలసింది చీకటి ఒక్కటే కాదు, గోరు పట్టుకునే ఆధారం కూడా. మరకలన్నీ గోడ మీద చిందరవందరగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, గింజలు ఎక్కువగా పడ్డ చోటు నుంచి నిట్టనిలువుగా పైకి చూడండి. సరిగ్గా అక్కడ ఏదో ఒకటి ఉంటుంది. కొక్కెం, వైరు, రాలిపోయిన ప్లాస్టరు గరుకు, పాత మేకు, సాలెగూళ్లు పట్టిన పైపు క్లాంపు. మా ఇంట్లో కొక్కేనికి ఫ్యాన్ల పైన ఉండే ప్లాస్టిక్ గిన్నె తొడిగించాను. వైరుని గోడకి అతికించి క్లిప్పులు కొట్టించాను. గరుకుగా ఉన్న చోట పుట్టీ పెట్టి రెండు కోట్లు ఎనామిల్ పెయింటు వేయించాను. పెయింటరుకి పూట పని. ఆ తర్వాత రెండు వారాలు లైటు కూడా ఉంచాను. అంతే, మళ్లీ రాలేదు. నన్నడిగితే ఈ రకానికి మొదటి ఓటు దీనికే. లైటు తోడు మాత్రమే.

వలల విషయంలో జాగ్రత్త. పావురాల కోసం బాల్కనీలకి కట్టే నైలాన్ వల బిగుతుగా లాగి కడితే ఫర్వాలేదు గానీ, జామ చెట్టు మీద కప్పే పల్చటి వదులు వల గబ్బిలానికి ఉరితాడే. రెక్క ఒకసారి చిక్కుకుంటే తెల్లారేసరికి చర్మం చిరిగిపోయి ఉంటుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2021 నుంచి ఇంటి తోటల్లో పండ్ల చెట్ల వల కన్ను 5 మిల్లీమీటర్లు దాటకూడదని నియమం పెట్టింది. కొలవడం కుదరకపోతే వేలు పెట్టి చూడండి. కంట్లోంచి వేలు దూరితే ఆ వల వద్దు. దానికన్నా కాయలకి విడివిడిగా కాగితం సంచులు కట్టుకోవడం మేలు.

సీడీలు వేలాడదీయడం, ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మ పెట్టడం గురించి చెప్పడానికి ఏమీ లేదు. పిల్లలు సరదా పడ్డారు. చెట్టు కొట్టేద్దామనే ఆలోచన వచ్చినప్పుడు మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం గుర్తుపెట్టుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి. అయినా మీ నేరేడు కొట్టేస్తే పక్క వీధి నేరేడు ఉంటుంది, వేలాడే కొక్కెం మాత్రం మీ ఇంట్లోనే ఉంటుంది.

పడుకోడానికి వచ్చే వాటికి

ఇక్కడే తప్పులు ఎక్కువ జరుగుతాయి. మా మేనమామ గారింట్లో నేను వెళ్లేలోపే ఒక ప్రయోగం అయిపోయింది. పాలేరు పళ్లెంలో నిప్పులు పోసి ఎండుమిరపకాయలు వేసి అటక కింద పెట్టాడట. పెద్దవి బయటికి పోకుండా సందుల్లోంచి లోపలి గదుల్లోకి దిగాయి. ఇల్లంతా దగ్గులు, తుమ్ములు, దీపాల చుట్టూ గబ్బిలాలు. మర్నాడు పొద్దున వాసాల కింద వెంట్రుకలు కూడా మొలవని గులాబీరంగు పిల్లలు నాలుగు పడి ఉన్నాయి. అత్తయ్య ఆ రోజు అన్నం తినలేదు. ఎండిన కర్రతో కట్టిన ఇంట్లో నిప్పు పెట్టిన సంగతి సరే, అది వేరే తిట్లు.

కలరా ఉండలు ఇంకో ఉపాయం. అటక మీద గుప్పెడు చల్లితే పోతాయంటారు. వాసన ఘాటుగా ఉన్నన్నాళ్లూ పక్కకి జరుగుతాయి, తగ్గగానే వస్తాయి. తరిమేంత ఘాటు ఉండాలంటే కింద పడుకునే మనుషులకీ అదే గాలి. నాఫ్తలీన్ పసిపిల్లలకి మంచిది కాదు, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలనే దెబ్బతీస్తుంది. జిగురు అట్టలు, ఎయిర్ గన్ను లాంటివి ఎంపికల్లోకే రావు.

మా బావమరిది డబ్బు పెట్టి పని చేయించాడు. "బావా, వాళ్లే చూసుకుంటారట, గ్యారంటీ" అన్నాడు. వచ్చినతను మధ్యాహ్నం రెండింటికి షట్టరు డబ్బాలో ఏదో కొట్టి, సందంతా ఫోము నింపి, బిల్లు ఇచ్చి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి గబ్బిలాలు ఎక్కడుంటాయి? లోపలే. నాలుగో రోజుకి కొట్లో నిలబడలేని కంపు. పప్పులు, చింతపండు అమ్మే చోట. చివరికి రేకు కోయించి తీస్తే పన్నెండు కళేబరాలు. పని చేయించుకోవద్దని కాదు. అడగాల్సినవి అడగండి: ఏ రకం గబ్బిలమో చూశారా, పిల్లలున్నాయో లేదో ఎలా తేలుస్తారు, మందు కొడతారా, సందు ఎప్పుడు మూస్తారు? "మందు కొట్టి ఇవాళే మూసేస్తాం" అనే జవాబు వస్తే టీ ఇచ్చి పంపేయండి.

మిగిలినవి రెండు దారులు. ఒకటి వదిలేయడం. ఇదేదో గాంధేయవాదం కాదు, నిజంగానే ఒక ఎంపిక. గొడ్ల సావిడి, వాడని అటక, బయటి వసారా అయితే, సందు కింద ఒక పలకో టార్పాలినో కట్టి, పడే రెట్టని నెలకోసారి తడిపి ఎత్తి మొక్కలకి వేసుకుంటే సరిపోతుంది. ఇవి పురుగుల్నే తింటాయి, దోమలు కూడా అందులో ఉంటాయి. గంటకి వెయ్యి దోమలు తింటుందని అందరూ చెప్పే లెక్క మాత్రం నేను నెత్తిన పెట్టుకోను. మూసిన గదిలో దోమలు వదిలి చేసిన పాత ప్రయోగం నుంచి వచ్చిన అంకె అది, బయట ఆకాశంలో తిండి అంత తేలిగ్గా దొరకదు.

రెండోది బయటికే దారి ఇచ్చే పద్ధతి, ఒకవైపు తలుపు లాంటిది. వంటగది పైన, పడకగది పైన, కొట్టు షట్టరులో ఉన్న వాటికి నేను చెప్పేది ఇదొక్కటే. సాయంత్రం లెక్కలో ఏ సందు నుంచి వస్తున్నాయో తేలింది కదా. ముందు మిగతా సందులన్నీ పూడ్చాలి. సిమెంటు, సన్న కన్నుల ఇనుప జాలీ, చిన్న వాటికి సిలికాన్. అసలు సందు మాత్రం తెరిచే ఉంచి, దాని మీద దోమతెరలాంటి సన్నటి వలని తెరలా వేలాడదీయాలి. పైన, రెండు పక్కలా అంచులు గోడకి బిగించి, కింద మాత్రం వదులుగా వదిలేయాలి. వల సందు కన్నా రెండడుగులు కిందికి దిగాలి. లోపలున్నవి గోడ వెంట పాకుతూ కిందికి వచ్చి వల కిందనుంచి ఎగిరిపోతాయి. తిరిగొచ్చేటప్పుడు నేరుగా సందు దగ్గరే వాలబోతాయి, అక్కడ వల అడ్డు. కింద దారి ఉందని వాటికి తట్టదు.

వల కుదరని మూలల్లో రెండంగుళాల పీవీసీ పైపు ముక్క, జానెడు పొడవున్నది, సందులో కిందికి వంచి బిగించి, చివర పల్చటి పాలిథీన్ గొట్టం తొడిగినా ఇదే పని చేస్తుంది. పైపు లోపల నున్నగా ఉంటుంది కాబట్టి జారి బయటికి పోతుంది, ఎక్కి రాలేదు. షట్టరు డబ్బాకి మేం రెండోసారి చేసింది ఇదే. అవి వెళ్లాక డబ్బాకీ రేకుకీ మధ్య సందులో బ్రష్ పట్టీ బిగించాం.

వారం రోజులు కదిలించకుండా ఉంచండి. వాన పడే రాత్రులు లెక్కలోకి రావు, ఆ రోజుల్లో కొన్ని అసలు బయటికి రావు. మేనమామ గారింట్లో మొదటి సాయంత్రం ముప్పై రెండు వెళ్లాయి, మూడో రోజుకి రెండు, ఐదో రోజు నుంచి సున్నా. మూడు సాయంత్రాలు వరుసగా ఏదీ రాకపోతే అప్పుడు సందు మూయించాం. ఖర్చు వల, సిమెంటు, తాపీమేస్త్రీ ఒక రోజు కూలి.

ఎప్పుడు చేయకూడదు

విదేశాల వాళ్లు రాసిన సలహాల్లో మే నుంచి ఆగస్టు దాకా ముట్టుకోవద్దని ఉంటుంది. అది వాళ్ల చలి దేశాల లెక్క. మన దగ్గర గబ్బిలాలు ఏడాదంతా తిరుగుతూనే ఉంటాయి. పొట్టిముక్కు పండ్ల గబ్బిలం ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని కంటుంది, ఫిబ్రవరి మార్చిలో ఒకసారి, జూన్ జూలైలో ఒకసారి. పురుగులు తినే వాటిలో చాలా రకాలు వానలు మొదలయ్యే రోజుల చుట్టూ కంటాయి. బుల్లి పిపిస్ట్రెల్‌కి మాత్రం ఏడాదిలో ఒకటి కన్నా ఎక్కువ కాన్పులు. అందుకని క్యాలెండర్ని నమ్ముకోకుండా కళ్లతో చూసుకోవడమే మంచిది. పెద్దవన్నీ బయటికి వెళ్లాక, రాత్రి ఎనిమిది ప్రాంతంలో టార్చి వేసి సందులోకి చూడండి. లోపల ఇంకా కీచుమంటూ, కదలకుండా అంటుకుని ఉన్న చిన్నవి కనిపిస్తే వల వేయొద్దు. నాలుగైదు వారాలు ఆగితే అవీ ఎగురుతాయి. తొందరపడితే తల్లి బయట గోడకి కొట్టుకుంటూ, పిల్ల లోపల చచ్చి, ఆ కంపు మీకు. జాలి లేకపోయినా ముక్కు ఉంటుంది కదా.

వెళ్లగొట్టిన వాటికి గబ్బిలాల పెట్టె కట్టిపెడదామని కొందరు అడుగుతారు. చలి దేశాల్లో బాగా వాడతారు. మన మే నెల ఎండకి దక్షిణం గోడ మీద చెక్క పెట్టె అంటే పొయ్యి కిందే లెక్క. నీడలో, ఎత్తులో, గాలి ఆడేలా పెట్టగలిగితే పెట్టండి, వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.

దారి తప్పి గదిలోకి వచ్చింది

ఇది అన్నిటికన్నా తేలిక, అరుపులు మాత్రం ఎక్కువ. ముందు ఫ్యాను ఆపండి. మిగతావన్నీ తర్వాత. గదుల మధ్య తలుపులు మూసి, బయటి కిటికీలు బార్లా తెరిచి, లైట్లు ఆర్పి, మీరు బయటికి వచ్చేయండి. పది నిమిషాల్లో దారి వెతుక్కుంటుంది. చీపురు తిప్పొద్దు. అలిసిపోయి కింద పడితే మందపాటి తువ్వాలు వేసి అట్టపెట్టెలోకి తోసి, చీకటి పడ్డాక చెట్టు మొదల్లో కాకుండా కాండం మీద ఎత్తుగా వదలండి. చాలా రకాలకి నేల మీంచి ఎగరడం కష్టం. ఉత్త చేత్తో పట్టుకోవద్దు. కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేబిస్ టీకా సంగతి ఆయన చెబుతారు, మీరు తేల్చొద్దు.

గబ్బిలం వస్తే ఇల్లు పాడుబడుతుందనే మాటకి శాంతి చేయించిన వాళ్లు కూడా ఉన్నారు. పాడుబడ్డ ఇంట్లో గబ్బిలాలు చేరడం నిజమే. దాన్ని తిరగేసి చెప్పుకుంటున్నాం.

చెట్టు మీది పెద్దవి, నిపా భయం

కిలో బరువుండే పెద్ద గబ్బిలాలు వీధి చివర మర్రి మీద, చింత మీద వందల్లో వేలాడటం వేరే విషయం. అది మీరొక్కరు తేల్చేది కాదు. టపాసులు కాల్చి చెదరగొడితే పక్క వీధికి పోతాయి, నాలుగు రోజులకి తిరిగొస్తాయి. కేరళలో 2018లో, మళ్లీ 2023లో కోళికోడ్ వైపు నిపా అనే ప్రాణాంతక వైరస్ జబ్బు వచ్చినప్పుడు మన దగ్గర కూడా చెట్లు కొట్టాలన్న మాటలు విన్నాను. నిపాకీ ఈ పెద్ద గబ్బిలానికీ సంబంధం ఉన్న మాట వాస్తవం. దానికి చేయాల్సింది గొడ్డలి పని కాదు. గబ్బిలం కొరికిన పండు కోసి బాగున్నంత మేర తినడం మానాలి, పూర్తిగా పారేయాలి. నేల రాలిన పండు తినొద్దు, మిగతావి కడిగి తొక్క తీసి తినాలి. బంగ్లాదేశ్‌లో రాత్రంతా తెరిచి ఉంచిన కుండల్లో పట్టిన పచ్చి ఈత రసం నుంచి ఇది మనుషులకి సోకింది. మన తాటి కల్లు, ఈత కల్లు ముంతలకీ పైన మూత కట్టడం మంచి అలవాటు.

శుభ్రం చేసేటప్పుడు

ఎండిన రెట్టని పొడిగా ఊడవకండి. దుమ్ము లేస్తుంది, అందులో ఊపిరితిత్తులకి హాని చేసే బూజు ఉండొచ్చు. ఎన్-95 మాస్కు, గ్లౌజులు వేసుకుని, సబ్బు నీళ్లు చిలకరించి, తడిశాక చేటలోకి ఎత్తి సంచిలో కట్టేయండి. నేరేడు మరక ఆరితే వదలదు, పొద్దున్నే తడిగుడ్డతో తుడవాలి. సున్నం గోడకి ఆ భాగ్యం కూడా లేదు, అక్కడ కడగడానికి వీలైన ఎమల్షన్ వేయించుకోండి.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి

పైన చెప్పిన ఒకవైపు తలుపు అక్కడా అదే, చట్టం వేరు. బ్రిటన్‌లో గబ్బిలాలు లేని సమయంలో కూడా అవి ఉండే చోటుకి రక్షణ ఉంటుంది, అటక మరమ్మతు చేయించే ముందే బ్యాట్ కన్జర్వేషన్ ట్రస్ట్ హెల్ప్‌లైన్‌ని అడగాలి. అమెరికాలో రాష్ట్రానికో తీరు. ఫ్లోరిడాలో ఏప్రిల్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా వాటిని బయటికి పంపే పని చేయకూడదు. ఇంకో ముఖ్యమైన తేడా. అక్కడ మీరు నిద్రపోయిన గదిలో గబ్బిలం కనిపిస్తే కిటికీ తీసి వదిలేయకండి. రేబిస్ పరీక్ష అవసరం పడొచ్చు, గది తలుపు మూసి ముందు కౌంటీ ఆరోగ్య శాఖకి ఫోన్ చేయండి.

మా కొక్కేనికి గిన్నె తొడిగి ఇది రెండో జూన్. గోడ తెల్లగానే ఉంది. మొన్న ఆదివారం ఎదురింటి వాళ్ల పోర్టికోలో ఊదారంగు చారలు చూశాను. ఆయన వాళ్ల పైవాటా కుర్రాళ్లతో మాట్లాడటం మానేశాడట. ఈ వారం వెళ్లి చెప్పాలి.